లేవు అని రాసిన గడి

ఒకడు చేసిన తప్పుకు దేవుడు వాడికే శిక్ష వేస్తాడా, వాడి పక్కన నిలబడ్డవాళ్లకు వేస్తాడా? ఈ సందేహం లేఖరికి ఇరవై రెండేళ్లుగా ఉంది. రోజూ స్నానం చేసి కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు అడగబోతాడు. అడిగితే జవాబు వస్తుందేమోనని భయపడి, నాలుగు మామూలు కోరికలు కోరుకుని లేచిపోతాడు.

ఈ ఉదయం ఆ భయపడే తీరిక కూడా దొరకలేదు. హాల్లో బల్ల మీద స్టాంపు కాగితం పరిచి ఉంది. ఎదురుగా పిన్ని కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రాయి. పదకొండింటికి మీ మరదలి నాన్న వస్తాడు. ఆయన వచ్చేసరికి కాగితం సిద్ధంగా ఉండాలి."

రిజిస్ట్రారు ఆఫీసు బయట బల్ల వేసుకుని పత్రాలు రాయడం లేఖరి వృత్తి. ఎన్ని ఇళ్లు అమ్మించాడో, ఎందరి వాటాలు విడదీశాడో అతనికే గుర్తులేదు. సొంత తమ్ముడూ మరదలూ విడిపోవడానికి తన చేత్తో రాయాల్సి రావడం మాత్రం ఇదే మొదటిసారి.

"ఎండలో కూర్చోనక్కర్లేకుండా ఇంట్లోనే గిరాకీ దొరికింది మీకు," అంది అతని భార్య, వంటింటి గుమ్మంలోంచి. నవ్వించడానికే అంది. ఎవరూ నవ్వకపోయేసరికి గరిటె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

తమ్ముడు కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తున్నాడు. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని అతనిది. పొద్దస్తమానం సన్నటి అంచులు చూసీ చూసీ, దూరాన ఉన్నవాటి మీద చూపు నిలపడం అతనికి చాతకాదు. ఇవాళ మాత్రం ఆ వీధి మీంచి చూపు తిప్పడం లేదు.

అయిదు రోజుల కిందట ఆసుపత్రికి ఒక్కడే వెళ్లొచ్చాడు. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి చెప్పేశాడు. "ఈమె ఒంట్లో యాంటీబాడీలు ఉన్నాయట పిన్నీ. నా విత్తనాన్ని శత్రువనుకుని అడ్డుకుంటున్నాయట." తొమ్మిదేళ్లుగా దొరకని కారణం దొరికింది. తల్లి పోయిన నాటినుంచి అన్నదమ్ములిద్దర్నీ పెంచిన పిన్నికి ఆ ఇంట్లో తిరుగులేదు. ఆమె ఆ రాత్రికే తేల్చేసింది. ఒళ్లే పడనప్పుడు కాపురం ఎందుకని.

"మొదటి పార్టీ, రెండో పార్టీ పేర్లు రాశాను పిన్నీ. పరస్పర అంగీకారంతో విడిపోతున్నామంటే చాలు. కారణం రాయనక్కర్లేదు."

"చాలదు. రేపు వీడికి ఇంకో సంబంధం చూడాలా వద్దా? లోపం ఎవరిదని అడుగుతారు. అప్పుడేం చూపించమంటావు, నా మొహమా?"

"చూపించొచ్చు చిన్నత్తయ్యా," అంది లేఖరి భార్య లోపలినుంచి. "ఆ మొహం చూస్తే ఇంకేం అడగరు."

"నోరు ముయ్యవే. నీకేం, ఇద్దర్ని కని కూర్చున్నావు."

ఆ మాటతో వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పక్క గదిలో బట్టలు సర్దుతున్న చప్పుడు కూడా ఆగిపోయింది.

"కారణం రాయి. డాక్టరు కాగితం జతపరచు," అని పిన్ని తమ్ముడివైపు తిరిగింది. "ఏరా, ఫైలు తెచ్చివ్వు వాడికి."

తమ్ముడు బీరువాలోంచి ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు. అన్న మొహం చూడలేదు. అన్న ఎవరు ఏం చెబితే అది రాసేవాడు. ఇచ్చినదాన్ని వెనక కుట్టేస్తాడు. అంతేనని తమ్ముడి నమ్మకం.

లేఖరికి పనిలో ఒక అలవాటు ఉంది. జతపరిచే కాగితాన్ని మొదటి అక్షరంనుంచి చివరి సీలుదాకా చదివితే గానీ సూదిలో దారం ఎక్కించడు. కళ్లజోడు పెట్టుకుని ఫైలు మొదటినుంచి తిరగేశాడు.

మొదటి కాగితం తొమ్మిదేళ్ల నాటిది. ఆసుపత్రిలో చేరేటప్పుడు నింపిన ఫారం. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఎందుకుండవు, తనవేగా. పేరు, వయసు, వృత్తి. భర్తకు గతంలో తగిలిన దెబ్బలు, జరిగిన ఆపరేషన్లు అన్న గడిలో, లేవు.

ఫారాలు నింపేవాళ్లందరికీ తెలిసిన కిటుకు అది. ఎక్కడ ప్రశ్న లేచే అవకాశం ఉందో ఆ గడిలో లేవు అని రాసేస్తే కాగితం ఆగదు. బల్లలు దాటుకుంటూ వెళ్లిపోతుంది. ఆ రోజు ఆ గడి దగ్గర కలం ఒక్క క్షణం ఆగడం లేఖరికి గుర్తుంది. పక్కన కూర్చున్న తమ్ముడివైపు చూడటం, తమ్ముడు తల వంచుకోవడం కూడా గుర్తుంది. ఎవరూ ఏమీ అనలేదు. కలం రాసేసింది.

కాగితాలు తిప్పుతూ పోయాడు. మరదలి రక్త పరీక్షలు, స్కానింగులు, మళ్లీ రక్త పరీక్షలు. అన్నిట్లోనూ మామూలే. చివరి కాగితం దగ్గర వేలు ఆగింది. అయిదు రోజుల కిందటి రిపోర్టు. ఇంగ్లీషు అతను కూడబలుక్కుని చదువుతాడు. కానీ పేరున్న గడి చదవడానికి కూడబలుక్కోనక్కర్లేదు.

అందులో తమ్ముడి పేరుంది. తమ్ముడి వయసుంది.

"బావగారూ."

మరదలు టీ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడి ఉంది. లేఖరి ఫైలు మూసేశాడు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి పంపే లాండ్రీలో ఆమె ఇస్త్రీ చేస్తుంది. ఆవిరి తగిలి కుడి అరచెయ్యి ఎప్పుడూ ఎర్రగా కమిలి ఉంటుంది.

"ఒక్క మాట అడగొచ్చా? మీరు కారణం రాసేచోట లోపం అని రాయకండి. జబ్బు అని రాయండి."

"ఏం తేడా అమ్మా?"

"జబ్బంటే మందుంటుంది అనుకుంటారు." ఆమె గొంతు తగ్గించింది. "లాండ్రీలో పురిటి వార్డు దుప్పట్లు మొన్నటినుంచి నాకివ్వడం మానేశారు. చిన్నవి ఉంటాయి చూడండి, ఇంతేసి. ఎవరు చెప్పారో మరి. నా చెయ్యి తగలకూడదట వాటికి."

లేఖరి టీ గ్లాసు అందుకున్నాడు. తాగకుండానే బల్ల మీద పెట్టేశాడు.

"కలానికి ఇంకు అయిపోయింది పిన్నీ, ఇప్పుడే వస్తా," అని లేచి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వూ రా."

"ఇంకుకి ఇద్దరెందుకురా?" అంది పిన్ని.

ఇద్దరూ మేడ మెట్లెక్కారు.

పైన తీగల మీద దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. గాలికి అవి మధ్యలోకి వచ్చి ఒకరి మొహం ఒకరికి కనిపించకుండా చేస్తున్నాయి. అది ఇద్దరికీ సాయంగానే ఉంది.

"దాని మీద నీ పేరుందిరా."

తమ్ముడు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు.

"చదివావా?"

"జతపరచమని ఇచ్చింది నువ్వేగా."

"కుట్టేస్తావనుకున్నాను. చదువుతావనుకోలేదు."

"ఏం చెప్పింది డాక్టరమ్మ? అబద్ధం కలపకుండా చెప్పు."

తమ్ముడు గోడకి ఆనుకున్నాడు. "బొమ్మ గీసి చెప్పింది. ఒంట్లో కాపలా ఉంటుందట. ఎవరు ఇంటివాళ్లో ఎవరు పరాయివాళ్లో ఆ కాపలాకి చిన్నప్పుడే ఒళ్లు నేర్పేస్తుందట. మగాడి విత్తనం మాత్రం పెద్దయ్యాక గానీ తయారవదు. కాపలావాళ్లు దాన్ని ఎప్పుడూ చూసి ఉండరు కదా. అందుకని ఒక గోడ కట్టి, దాని వెనక దాచి ఉంచుతుందట."

"ఆ గోడకి దెబ్బ తగిలితే?"

"కన్నం పడుతుంది. కాపలావాళ్లు చూస్తారు. దొంగలనుకుని పట్టుకుంటారు. అవి ఒకదానికొకటి అంటుకుపోతాయట. చావవు. లెక్కకి ఉంటాయి. అందుకే ఇన్నేళ్లూ నాది బాగానే ఉందన్నారు. కదిలి ముందుకి వెళ్లలేవు, అంతే."

కింద వీధిలో ఎవడో బండి స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నాడు. ఆ చప్పుడు ఆగాక లేఖరి అడిగాడు.

"ఆ దెబ్బ వల్లేనందా?"

"గట్టిగా చెప్పలేనంది. ఏ దెబ్బా లేకుండా వచ్చినవాళ్లు ఉన్నారట. ఇవి ఉండి కూడా పిల్లలు పుట్టినవాళ్లూ ఉన్నారట. ఎప్పుడైనా దెబ్బగానీ ఆపరేషన్ గానీ అయిందా అని అడిగింది."

"ఏమన్నావు?"

"ఫైలు చూడండి అన్నాను."

లేఖరి కళ్లు మూసుకున్నాడు. అప్పుడు తనకి ఇరవై, తమ్ముడికి పద్నాలుగు. పనిలో కుదిరిన మొదటి నెల. గురువుగారు నమ్మి ఇంటికిచ్చిన పత్రానికి నకలు రాస్తుంటే, వెనకనుంచి వచ్చి తమ్ముడు మోచెయ్యి తగిలించాడు. కాగితం నిండా సిరా. లేచి ఒక్క తన్ను తన్నాడు. ఎక్కడ తగిలిందో చూసుకోలేదు. రాత్రంతా వాడు మెలికలు తిరుగుతుంటే, పిన్నితో చెప్పావంటే చూడు అని నోరు నొక్కేశాడు. మర్నాడు వాంతులు పట్టుకున్నాక ఆసుపత్రికి ఎత్తుకెళ్లి ఆపరేషన్ చేయించారు. సైకిలు మీంచి పడ్డాడని పిన్నికి చెప్పాడు. తమ్ముడూ అదే చెప్పాడు.

"నా తప్పు నాది. కానీ ఆ అమ్మాయి మీదకి ఎందుకు తోశావురా?"

"తోయాలని వెళ్లలేదు అన్నయ్యా. దారంతా అనుకుంటూనే వచ్చాను, నాలోనే ఉందట అని. గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది. నోరు తెరిస్తే 'ఈమె' అని వచ్చేసింది."

"అయిదు రోజులైందిరా!"

"నువ్వు ఆ గడి నింపి తొమ్మిదేళ్లయింది," అన్నాడు తమ్ముడు. "నువ్వు వెనక్కి తీసుకున్నావా?"

దుప్పటి ఎగిరి లేఖరి మొహానికి కొట్టుకుంది. దాన్ని పక్కకి తీయడానికి చెయ్యి రాలేదు.

"మందు లేదందా?"

"ఒక్క కణాన్ని పట్టుకుని సూదితో అండంలోకి ఎక్కించే పద్ధతి ఉందట. ఫలిస్తుందని మాట ఇవ్వలేనంది. ముందు ఫైల్లో ఏమైనా దాచి ఉంటే సరిచేసి తెమ్మంది." తమ్ముడు కళ్లజోడు పెట్టుకున్నాడు. "రాసెయ్ అన్నయ్యా. నా దగ్గర ఉంటే ఆమెకి ఎలాగూ పిల్లలు పుట్టరు. విడిపోతే ఇంకెక్కడైనా సుఖపడుతుంది."

"లోపం ఆమెదని నేను రాసిన కాగితం చేతికిచ్చి, సుఖపడమంటావా?"

"నిజం రాస్తే నేను సంతకం పెట్టను."

"పెట్టకు."

లేఖరి కిందికి దిగి వచ్చి స్టాంపు కాగితం పక్కకి జరిపాడు. తెల్లకాగితం ఒకటి తీసి రాయడం మొదలుపెట్టాడు. ఎవరో చెబుతుంటే రాయడమే తప్ప, తన మాట తను రాసుకోవడం అతనికి అలవాటు లేదు. రెండుసార్లు కొట్టేశాడు. కొట్టివేతలున్న కాగితం అతని చేతిలోంచి బయటికి వెళ్లడం కూడా అదే మొదలు.

"ఇంకు దొరికిందన్నమాట," అంది పిన్ని. "అయిందా? చదువు, వింటాను. వాళ్లనీ పిలు."

భార్య వంటింట్లోంచి వచ్చింది. మరదలు గది గుమ్మంలో నిలబడింది. తమ్ముడు మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

లేఖరి లేచి నిలబడ్డాడు. ఎన్నో పత్రాలు చదివి వినిపించిన గొంతు అతనిది. ఇవాళ మాత్రం దగ్గి మొదలుపెట్టాడు.

"ఈ పత్రం రాయించుకున్నవారు ఎవరూ లేరు. చెప్పినవాణ్నీ రాసినవాణ్నీ నేనే. ఇరవై రెండేళ్ల కిందట నా తమ్ముణ్ని నేను కోపంలో పొత్తికడుపు కింద తన్నాను. వాడు సైకిలు మీంచి పడలేదు. నొప్పి అంటుంటే రాత్రంతా నోరెత్తనివ్వలేదు. ఆ తర్వాత ఆపరేషన్ అయింది. ఆసుపత్రి ఫారంలో దెబ్బలు, ఆపరేషన్లు లేవని రాసింది నేను. అయిదు రోజుల కిందట వచ్చిన రిపోర్టు నా తమ్ముడి పేరు మీద ఉంది. యాంటీబాడీలు ఉన్నది వాడి శరీరంలో. అవి నా తన్ను వల్లే వచ్చాయని డాక్టరు అనలేదు. రాలేదనీ అనలేదు. ఈ ఫైలులో నా మరదలి పేరు మీద ఇరవై ఒక్క కాగితాలున్నాయి. ఆమెలో లోపం ఉందని ఏ ఒక్క కాగితంలోనూ లేదు. ఇది నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసి ఇచ్చినది."

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సైకిలు కాదా?" అంది పిన్ని. ఆమె గొంతు అంత చిన్నగా ఉండగా ఆ ఇంట్లో ఇంతకుముందు ఎవరూ వినలేదు. "వారం రోజులు ఆ సైకిల్ని తిట్టుకున్నానురా. పాత ఇనుముకి అమ్మించేశాను."

మరదలు ఎవరివైపూ చూడకుండా నడిచి వెళ్లి మొగుడి ముందు నిలబడింది.

"మీ పేరు మీదా?"

తమ్ముడు ఒక మెట్టు వెనక్కి ఎక్కాడు.

"ఆ రోజు రాత్రి మీ కాళ్లు పట్టుకుని ఏడ్చాను. మీ జీవితం నాశనం చేశానన్నాను. మీరు నన్ను లేపి, నీ తప్పేముంది అన్నారు. ఎంత మంచివాడు నా మొగుడు అనుకున్నాను. నిజమే చెప్పారన్నమాట."

"అది కాదు..."

"ఏది కాదు?"

ఆమె జవాబుకి ఎదురుచూడలేదు. బల్ల దగ్గరికి వచ్చి లేఖరి ముందు నిలబడింది.

"బావగారూ, మొదట్నుంచి వద్దు. ఇరవై ఒక్క కాగితాలు అన్నారే, అక్కణ్నుంచి ఇంకోసారి చదవండి."

లేఖరి చదివాడు. ఆమె పెదవులు కదుపుతూ విన్నది. ఏడుస్తుందేమోనని తోటికోడలు దగ్గరికి రాబోయింది. ఆమె ఏడవలేదు. చెయ్యి అడ్డంపెట్టి తోటికోడల్ని ఆపింది.

"ఇన్నేళ్లు పొట్టలో పెట్టుకున్నవాడివి, ఇప్పుడెందుకురా కక్కావు?" అంది పిన్ని. కోపం తిరిగి తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తోంది. "ఇంకో గంట ఓపిక పడితే అయిపోయేదిగా?"

"మొక్కుకున్నాను పిన్నీ." లేఖరి కాగితం బల్ల మీద పెట్టాడు. "వీడిని లోపలికి తీసుకెళ్లినప్పుడు ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చుని మొక్కుకున్నాను. వీడు బతికి బయటికొస్తే, నేనే తన్నానని నీ ఎదుట నా నోటితో చెప్పుకుంటానని. వాడు బయటికొచ్చాడు. నవ్వాడు కూడా. నువ్వు నా తల నిమిరావు. రేపు చెబుదామనుకున్నాను."

"ఆ రేపు ఇవాళ వచ్చిందా?"

"వచ్చింది."

తలుపు తట్టిన చప్పుడైంది. రెండుసార్లు, నెమ్మదిగా. పరాయి ఇంటి తలుపు తట్టే పెద్దమనిషి చప్పుడు.

"వాళ్ల నాన్న," అంది పిన్ని లేస్తూ. "ఆ కాగితం చించెయ్. ముందు చించెయ్. తర్వాత మనలో మనం చూసుకుందాం."

తమ్ముడు ఒక్క అడుగులో బల్ల దగ్గరికి వచ్చాడు. అతని చెయ్యి కాగితాన్ని చేరేలోపే మరదలు తన అరచెయ్యి దాని మీద వేసింది. కమిలిన చెయ్యి, వేళ్లు బార్లా చాపి.

"తలుపు తియ్యండి," అంది మొగుడితో.

"కూర్చుని మాట్లాడుకుందాం. ఇప్పుడొద్దు."

"తియ్యండి. మా నాన్నకి బావగారు చదివి వినిపించరు. మీరు చెప్పాలి. మధ్యలో బావగారి పేరు, నా పేరు తేవద్దు. ఆ రోజు దారిలో ఏమనుకుంటూ వచ్చారో నాకు తెలీదు గానీ, గుమ్మంలో మీ నోట రావాల్సిన మాట ఒకటుంది కదా, అది చెప్పండి. చెప్పాక నేను ఉంటానో, నాన్నతో వెళ్తానో అప్పుడు చూసుకుంటాను."

తమ్ముడు అన్నవైపు చూశాడు. చిన్నప్పుడు దెబ్బ తిన్నప్పుడల్లా అలాగే చూసేవాడు, చెప్పనా వద్దా అని. ఆ చూపుకి లేఖరి ఇన్నేళ్లూ ఒకే జవాబు ఇచ్చాడు. ఇవాళ తల పక్కకి తిప్పుకున్నాడు.

తమ్ముడు నడిచి వెళ్లి తలుపు గడియ మీద చెయ్యి వేశాడు.

మళ్లీ తట్టారు.

లేఖరి కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఇరవై రెండేళ్ల మొక్కు తీరింది. తీరిన రోజున గుండె తేలికపడుతుందని ఇన్నాళ్లూ నమ్మాడు. పడలేదు. అయినా దేవుడా, అనుకున్నాడు, ఇది నీకు ముట్టిందనుకుంటాను.

గడియ తీసిన చప్పుడు ఇంకా వినిపించలేదు.